దయయు దక్షతయు: కళింగశాసనములు నేర్పు నాయకధర్మము

సంఘకార్యమునకు బూనినవారి కెల్లరకు నొక సందేహము తప్పదు. తమతో గూడి పనిచేయువారియెడ మెత్తగా నుండినచో బని చెడును. కఠినముగా నుండినచో బనివారు చెదరుదురు. ఈ రెంటిలో దేని నవలంబింపవలయును? వసతిగృహమును గనిపెట్టుకొని యుండు పాలకుడును, విద్యార్థివేతనములను బంచు కార్యదర్శియు, ఊరూర దిరిగి చందాలు గూర్చు సేవకులును, వీరి నందఱను నడపు కార్యనిర్వాహకవర్గమును ప్రతిసంవత్సరము నీ ప్రశ్నను ఎదుర్కొనుచునే యున్నారు. మహాసభలో లెక్కలు చదువబడునప్పు డొకరు లేచి దయ చాలలేదందురు. మఱొకరు లేచి అదుపు చాలలేదందురు. ఇరువురును సంఘక్షేమమును గోరువారే. ఇరువురి మాటయందును గొంత నిజము కలదు. అయినను నీ వాదము తెగక సాగుటచే నలసినవారు పని విడిచి పోవుటయు, విడిచిపోయిన పని పేదవిద్యార్థి తలపై బడుటయు మన మెఱుగనివి గావు.

ఈ ప్రశ్న క్రొత్తది గాదు. 2,200 సంవత్సరములకు బైగా గడచిన కాలమున నొక చక్రవర్తి కిదియే ప్రశ్న లక్షలకొలది జనుల బ్రతుకులతో ముడివడి యెదురయ్యెను. అతడు దాని కిచ్చిన సమాధానమును బండలపై జెక్కించెను. ఆ బండలు నేటికిని నిలిచి యున్నవి. మేము సంస్కృతము జదివి, దానిని బిల్లలకు జెప్పి జీవితమును గడపినవారము. ఆ ప్రాకృతవాక్యములను సంస్కృతచ్ఛాయతో గూర్చి చదువుకొనునప్పు డెల్ల, ఇవి రాజులకు మాత్రమే గాక పదిమందితో గూడి పనిచేయు ప్రతివానికిని జెప్పబడినవిగా మాకు దోచుచుండెను. అందుచే నీ మహాసభా సంచికయందు వానిని గూర్చి నాలుగు మాటలు విన్నవింప సాహసించుచున్నాము.

శాసనముల చరిత్రము

అశోకుని శాసనలిపి చిరకాల మెవ్వరికిని జదువరానిదై యుండెను. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ దొర యా బ్రాహ్మీలిపి మర్మమును గనుగొనెను. ఆ శాసనములలో రాజునకు దేవానాంప్రియుడు, ప్రియదర్శి యను బిరుదములే తఱచుగా గానవచ్చును. 1915లో మస్కియందు బయల్పడిన శాసనమున నశోకనామము స్పష్టముగా నుండుటచే నా బిరుదము లెవ్వరివో నిస్సంశయముగ దెలిసెను.

ఈ చరిత్రము మన తెలుగునేలకు దూరమైనది గాదు. కర్నూలు మండలమున గుత్తికి సమీపమునందలి ఎఱ్ఱగుడికొండ బండలపై నశోకుని పదునాలుగు శిలాశాసనములును లఘుశాసనములును జెక్కబడి యున్నవి. ఆ మండలముననే పత్తికొండ చెంత రాజులమందగిరియందు లఘుశాసనము కలదు. పదుమూడవ శిలాశాసనమున దన యేలుబడిలోని జనులను బేర్కొనుచు నశోకు డాంధ్రులను గూడ బేర్కొనెను. ఇక కళింగశాసనము లున్న స్థలములలో మొదటిది భువనేశ్వరము చెంతనున్న ధౌలి. రెండవది ఋషికుల్యాతీరమునందలి జౌగడ. ఈ జౌగడ యున్న గంజాము మండలము 1936 వఱకు మద్రాసు రాజధానిలోనిదే. ఇటీవలి దశాబ్దములలో కర్ణాటకమునందలి సన్నతియందును నొక శిలాఫలకముపై నీ ప్రత్యేకశాసనములు బయల్పడినవి.

కళింగయుద్ధము

అశోకుడు పట్టాభిషిక్తుడై యెనిమిది సంవత్సరములు గడచిన పిమ్మట, అనగా క్రీస్తుపూర్వము సుమారు 261లో, కళింగమును జయించెను. ఆ యుద్ధమున 1,00,000 మంది హతులైరనియు, 1,50,000 మంది చెఱగొనిపోబడిరనియు, అంతకు బెక్కురెట్లు జనులు నశించిరనియు నతడే పదుమూడవ శిలాశాసనమున జెప్పుకొనెను. జయించిన రాజు తన జయమును దుఃఖముగా వర్ణించుకొనుట లోకచరిత్రమున మిక్కిలి యరుదు.

ఇక్కడ నొక విశేషమును గమనింపవలయును. ఈ పశ్చాత్తాపశాసనము ఎఱ్ఱగుడియందు గలదు, గిర్నారునందు గలదు, మఱి పలుచోట్ల గలదు. కాని కళింగముననే లేదు. ధౌలియందును జౌగడయందును పదునొకండవది మొదలు పదుమూడవది వఱకు గల శాసనములను విడిచి, వానికి బదులుగా రెండు ప్రత్యేకశాసనములు చెక్కబడినవి. గాయపడినవారి యెదుట గాయమును వర్ణించుటకు రాజు వెనుదీసె ననవచ్చును. జయించినవాడు తన తప్పును జితులయెదుట జెప్పుకొన నిచ్చగింపలే దనియు ననవచ్చును. కారణ మేదైనను కళింగుల కతడు మాటలకు బదులు మంచి యధికారుల నీయ దలంచెనని యా ప్రత్యేకశాసనములే సాక్ష్యమిచ్చుచున్నవి. అవి ప్రజలను సంబోధించినవి గావు. ప్రజలపై నియుక్తులైన మహామాత్రులను సంబోధించినవి. మన ప్రశ్నకు సమాధాన మక్కడనే యున్నది.

తొసలి మహామాత్రులకు జేసిన యాజ్ఞ

మొదటి ప్రత్యేకశాసనము ధౌలియందు తొసలీనగర న్యాయాధికారులను, జౌగడయందు సమాపానగరాధికారులను ఉద్దేశించినది. రాజు వారితో ముందుగా జెప్పినది వారి పదవియొక్క గౌరవము. వారు వేలకొలది ప్రాణులపై నియుక్తులైరి. జనుల ప్రేమను సంపాదించుటయే వారి పని. మనుష్యు లెల్లరును తనకు బిడ్డలవంటివారనియు, తన బిడ్డల కిహపరములందు హితసుఖములు గోరినట్లే యెల్లర కవి కలుగవలె నని కోరుదుననియు నత డనెను.

ఈ మాట జగత్ప్రసిద్ధము. దీనిని గైకొని యశోకుని దయాసముద్రుడని పొగడి యూరకుండువారు పెక్కండ్రు. కాని యాతడు దానితో నాగలేదు. వెంటనే యధికారులతో, ఈ విషయ మెంతదూరము పోవునో మీరు గ్రహింపకున్నారనియు, ఎవడో యొకడు గ్రహించినను గొంతభాగమునే గాని సర్వమును గ్రహింపకున్నాడనియు నిష్కర్షగా బలికెను. పట్టణమున గొందఱు కారణము లేకయే బంధింపబడుచున్నారు, హింసింపబడుచున్నారు. ఒకని కట్లు తీఱినను బెక్కుమంది యింకను దుఃఖించుచున్నారు. కావున మీరు మధ్యమార్గమున నడువ గోరవలయు నని యాజ్ఞాపించెను.

చదువరులు దీనిని నెమ్మదిగా విచారింపవలయును. బిడ్డలను బోలిన ప్రజలనుట దయ. ఆ దయయే యధికారులయెడ గఠినమైన యపేక్షగా మాఱినది. నిరపరాధి యొకడు చెఱసాలలో నుండగా నధికారిని 'పోనిమ్ము' అని విడిచిపెట్టుట దయ కానేరదు. అది చెఱసాలలోనివానియెడ క్రౌర్యము. అనగా దయయు గట్టిదనమును రెండు వేర్వేఱు గుణములు గావు. పనియొక్క ఫల మెవనికి జేరవలయునో వానిపై గల దయయే పని చేయువానియెడ గట్టిదన మగుచున్నది.

ఏడు దోషములు

అయినచో బనిచేయువానిపై దయ యక్కఱలేదా? ఉన్నది, అదియు నా శాసనముననే యున్నది. అధికారులు పని చెఱచుటకు హేతువులుగా రాజు ఏడింటిని లెక్కించెను. ప్రాకృతపదములకు సంస్కృతచ్ఛాయ గూర్చినచో నవి ఈర్ష్య, ఆశులోపము, నైష్ఠుర్యము, త్వర, అనావృత్తి, ఆలస్యము, క్లమథము. తెలుగున జెప్పినచో, ఓర్వలేనితనము, ఊరక యుడికిపోవుట, కఱకుదనము, తొందర, అలవాటు చాలమి, సోమరితనము, అలసట. వీనికెల్ల మూలముగా నుండవలసినది యుడుకులేమియు తొందరలేమియు నని యతని తీర్పు.

ఈ పట్టికలో నద్భుత మేమనగా, దోషములన్నియు నొక్క జాతివి గావు. ఓర్వలేనితనమును గఱకుదనమును మనస్సునకు బట్టిన చెడుగులు. సోమరితనము సంకల్పలోపము. అలవాటు చాలమి నేర్పుచే దీఱునట్టిది. అలసటయో, శరీరధర్మము. కోపించు యజమానుడు వీనినన్నింటిని నొక్కటిగానే చూచి యొక్క దండముననే యణపజూచును. మెత్తని యజమానుడు వీనినన్నింటిని నొక్కటిగానే చూచి క్షమించును. అశోకుడు వేర్వేఱుగా జూచెను. కాని యొక్కదానిని గూడ లెక్కనుండి విడువలేదు. అలసినవాడు లేవజాల డని యొప్పుకొనుచునే, యైనను లేవవలయును, కదలవలయును, ముందునకు నడువవలయు నని చెప్పెను. అలసటను దోషములలో జేర్చుట కఠినముగా దోచవచ్చును; కాని యలసటయను మాట రాజశాసనమున బేర్కొనబడుటయే గొప్ప. తనక్రింద బనిచేయువా డలయునని యెఱిగిన ప్రభువులు గాని, యెఱిగి శిలపై వ్రాయించినవారు గాని లోకమున నెందఱు?

మేము పాఠశాలలయందు గడపిన కాలమున దీని సత్యమును బలుమారు చూచితిమి. ఇద్దఱు బాలు రొక్క సంధినే తప్పుగా విడదీయుదురు. ఒకడు తొందరచే తప్పును, ఒకడు అభ్యాసము చాలక తప్పును. మొదటివానికి నెమ్మది నేర్పవలెను, రెండవవానికి మఱల బాఠము జెప్పవలెను. ఇరువురను గొట్టినచో నిరువురకును సంధి రాదు. ఇరువురను విడిచినను రాదు. తప్పునకు హేతువును వెదకుట దయ. సంధి వచ్చువఱకు విడువకుండుట యపేక్ష. ఈ రెండును గలిసినప్పుడే పాఠము.

ఈ యాజ్ఞను నెఱవేర్చిన యధికారి స్వర్గమును బొందుటయే గాక తన ఋణమును దీర్చుకొనిన వాడగు ననియు రాజు పలికెను. ఒక యధికారి ధర్మము తప్పుచుండగా జూచినవాడు, రాజాజ్ఞ యిట్టిది, ఋణమును దీర్చుకొను మని తోడివానికి జెప్పవలె ననియు విధించెను. అనగా దిద్దుబాటు పైనుండి మాత్రమే గాక ప్రక్కనుండియు రావలెను. శాసనమును తిష్యనక్షత్రదినమున వినిపింపవలయును. నడుమ నడుమ నొక్కడే యున్నను వినిపింపవలయును. ఒకమారు చెప్పి యూరకుండి, పిదప నెఱుగకపోతి వని దండించుట న్యాయము గాదని దీని భావము.

తనిఖీయు దయతోనే

మాట చెప్పినంతమాత్రమున బని జరుగునని యశోకుడు నమ్మలేదు. ప్రతి యైదు సంవత్సరములకు నొక మహామాత్రుని బర్యటనకు బంపుదు నని యా శాసనముననే ప్రకటించెను. ఉజ్జయినినుండి రాజకుమారుడు మూడు సంవత్సరములు మీఱకుండ నట్లే పంపవలెను, తక్షశిలనుండియు నట్లే. అయితే పంపబడువా డెట్టివాడై యుండవలెను? పరుషుడు గానివాడు, చండుడు గానివాడు, మృదువుగ గార్యము నడుపువాడు. తనిఖీ చేయువానికి గావలసిన మొదటి యర్హత మృదుత్వమని విధించిన ప్రభుత్వము మఱొకటి మా యెఱుకలో లేదు.

తక్షశిలను బేర్కొనుటలో నొక పూర్వకథ జ్ఞప్తికి వచ్చును. బిందుసారుని కాలమున దక్షశిల తిరుగబడగా దానిని శమింపజేయుట కశోకకుమారుడు పంపబడెననియు, పౌరు లెదురువచ్చి తమకు రాజుపై గాని కుమారునిపై గాని ద్వేషము లేదనియు, దుష్టామాత్యులు తమ్ము నవమానించుచున్నారనియు విన్నవించిరనియు దివ్యావదానము చెప్పును. అది గాథయే; చరిత్రముగా ఋజువైనది గాదు. అయినను గాథ చెప్పు నీతికిని శాసనవిధికిని బొత్తు కుదురుచున్నది. ప్రజ లెఱిగిన రాజ్యము రాజు గాదు. తమ వాకిట నిలిచిన యుద్యోగియే. అట్లే పేదవిద్యార్థి యెఱిగిన సంఘము మహాసభాధ్యక్షుడు గాదు. వసతిగృహమున నన్నము పెట్టించువాడే.

కౌటిల్యుని మార్గముతో దీనిని బోల్చి చూచుట యుచితము. 1909లో శామశాస్త్రిగారు మైసూరున బ్రకటించిన యర్థశాస్త్రమున నధికారులు ధనము నపహరించు విధములు నలువది యని లెక్కింపబడినవి. వారిని బరీక్షించుటకు గూఢచారులును, మాయోపాయములును జెప్పబడినవి. ఆ శాస్త్రమే, దండము తీక్ష్ణమైనచో జనులు బెదరుదురు, మృదువైనచో దిరస్కరింతురు, తగినట్లున్నచో గౌరవింతు రనియు జెప్పుచున్నది. అశోకు డీ తూనికను గాదనలేదు. కాని కౌటిల్యుని లెక్క యధికారి యెన్నివిధముల దొంగిలగలడో యనునది. అశోకుని లెక్క యధికారి యెన్నివిధముల దప్పగలడో యనునది. లెక్క సరిచూచుటకు మొదటిది కావలెను. మనిషిని నిలబెట్టుటకు రెండవది కావలెను.

ముందుగా నాయకుడు

పరుల నుండి యింత కోరువాడు తా నేమి చేసెను? ఆఱవ శిలాశాసనము దీనికి సమాధానము. తాను భుజించుచున్నను, అంతఃపురమున నున్నను, పడకగదిలో నున్నను, ఉద్యానమున నున్నను ప్రజల కార్యమును బ్రతివేదకులు తనకు దెలుపవచ్చు ననియు, ఎక్కడనైనను దాను ప్రజాకార్యమును జూచెద ననియు నశోకుడు ప్రకటించెను. తాను నోటిమాటగా నిచ్చిన యాజ్ఞను గూర్చి పరిషత్తులో వివాదము గాని యాక్షేపము గాని పుట్టినచో నది తత్క్షణమే తనకు దెలుపబడవలెననియు విధించెను. తన యుద్యమముతోడను గార్యనిర్వహణముతోడను దనకు దృప్తి లేదనియు, తాను చేయు పరాక్రమ మెల్లను భూతముల ఋణమును దీర్చుకొనుటకే యనియు బలికెను.

ఋణ మను మాట మఱల వచ్చినది. అధికారులు తమ ఋణమును దీర్చుకొందురు. రాజు ప్రాణుల ఋణమును దీర్చుకొనును. కళింగాధికారుల నడిగినదానినే తన్ను దా నడిగికొనెను. తనయెడ నాక్షేపణ వచ్చినప్పుడు దానిని వినిపింపుడని యాజ్ఞాపించిన నాయకుడే తోడివారి తప్పులను జెప్ప నర్హుడు.

నమ్మి యప్పగించుట

పట్టాభిషేకానంతరము 26 సంవత్సరములకు వ్రాయించిన నాలుగవ స్తంభశాసనమున నశోకు డింకొకమెట్టు పైకెక్కెను. లక్షలకొలది ప్రజలపై నియుక్తులైన రజ్జుకులకు న్యాయవిచారణమునందును దండమునందును స్వాతంత్ర్య మిచ్చెను. వా రాశ్వస్తులై, యభీతులై పని చేయుటకే యిది యనెను. నేర్పుగల దాది కప్పగించినచో దన బిడ్డను జక్కగ బెంచు నని తండ్రి నిశ్చింతుడై యుండునట్లు, ప్రజల హితమునకై రజ్జుకులను నియమించితి నని చెప్పెను.

దాది యుపమానము మిక్కిలి లోతైనది. బిడ్డ ప్రాణమువంటిది కనుక నెవ్వరికి బడిన వారి కీయరు, నేర్పుగలదానికే యిత్తురు. ఇచ్చిన పిదప గడియకొకమారు వెంటబడి ప్రతిపనికిని దప్పు పట్టినచో నెంతటి దాదియైనను జేయి వణకి బిడ్డను జాఱవిడుచును. నేర్పుగలవారి నెన్నుకొనుట యపేక్ష. ఎన్నుకొనిన పిదప నమ్ముట దయ. అయితే యా స్వాతంత్ర్యమునకు హద్దును గలదు. వ్యవహారమునందును దండమునందును సమత యుండవలె నని యా శాసనమే చెప్పుచున్నది. ఒక యధికారి దయాళువై యొకని విడుచుట, మఱొకడు కఠినుడై మఱొకని జంపుట పనికిరాదు. స్వాతంత్ర్య మధికారికి, సమత ప్రజకు.

క్షమకు హద్దు

అశోకుని గేవలము మెత్తనివానిగా జిత్రించువారి కొరకు గొన్ని సంగతులు చెప్పవలసి యున్నది. అతడు మరణదండమును రద్దుచేయలేదు. మరణదండము విధింపబడినవారికి మూడుదినముల గడు విచ్చెను. ఆ వ్యవధిలో బంధువులు వారి ప్రాణములకై ప్రార్థింపవచ్చును. లేనిచో వారు పరలోకమునకై దానోపవాసములు చేసికొందురు. ఇరువదియాఱు సంవత్సరములలో నిరువదియైదుమారులు బందీలను విడిపించె నని యైదవ స్తంభశాసనము చెప్పును. బంధితులలో సంతానభారము గలవారికిని, పీడితులకును, వృద్ధులకును సహాయము చేయుటకు బదుమూడవయేట ధర్మమహామాత్రులను నియమించెను. కాని కళింగమును మఱల విడిచిపెట్టలేదు. అటవికులతో, తాను పశ్చాత్తాపము నొందినను దన శక్తి తగ్గలేదని తెలిసికొని సిగ్గుపడి తప్పు మానుడు, చావు తెచ్చుకొనకుడు అని హెచ్చరించెను. పొరుగువారికి జేసిన వాగ్దానము గూడ నిట్టిదే: క్షమింపదగినదానిని రాజు క్షమించును. క్షమింపదగినది యను నా యొక్క విశేషణమే యతని దయకు గట్టిన గట్టు.

అశోకుని ధర్మనీతియే మౌర్యసామ్రాజ్యమును బలహీనపఱచె నని వాదించిన చరిత్రకారులు కలరు. హేమచంద్ర రాయచౌధురిగారి యభిప్రాయ మట్టిది. 1961లో బ్రకటితమైన గ్రంథమున రొమిలా థాపరుగా రా వాదమును బరిశీలించి యంగీకరింపక, పరిపాలనాయంత్రపు నిర్మాణము మొదలగు నితరకారణములను జూపిరి. అశోకుని పిదప సుమా రేబదియేండ్లకు, క్రీస్తుపూర్వము 185 ప్రాంతమున మౌర్యవంశ మంతరించుట నిజమే. కాని సేనను రద్దుచేసె నని యే శాసనమును జెప్పదు. హెచ్చరికయు దండమును నతని శాసనములలో నున్నవి. దయచే రాజ్యము చెడెననుటకు శాసనములు సాక్ష్య మీయవు. నాయకు డొక్కడే సర్వమునకు నాధారమైనప్పు డతనివెనుక నంతటివాడు రానిచో బని నిలువదనుట మాత్రము మన సంఘములును గమనింపదగినది.

ఎఱ్ఱగుడి నేర్పు పాఠము

తుదకు మన యెఱ్ఱగుడి శాసనమునకు వత్తము. అందలి లఘుశాసనమున గొన్ని పంక్తు లెడమనుండి కుడికిని, గొన్ని కుడినుండి యెడమకును జెక్కబడియుండుట లిపిశాస్త్రజ్ఞులకు వింత. మాకు వింతయైనది యందలి విషయము. రాజు రజ్జుకునకు జెప్పును. రజ్జుకుడు జనపదమునకును రాష్ట్రికులకును జెప్పును: తల్లిదండ్రులకు శుశ్రూష చేయవలెను, ప్రాణులయెడ దయ చూపవలెను, సత్యము పలుకవలెను. పిదప, ఏనుగుల నెక్కువారును, వ్రాయసకాండ్రును, రథాశ్వశిక్షకులును, బ్రాహ్మణులును దమ యంతేవాసులకు బ్రాచీనమర్యాద ననుసరించి యీ ధర్మమును నేర్పవలె ననియు, శిష్యు డాచార్యుని గౌరవింపవలె ననియు నున్నది. చక్రవర్తియాజ్ఞ చివర కొక గురువు నొక శిష్యుని నడుమకు వచ్చి నిలిచినది. పెద్దపని యెల్ల నట్టి చిన్నచోటనే జరుగును. కావుననే యా లఘుశాసనములయందు, గొప్పవారికి మాత్రమే గాక చిన్నవారికిని బరాక్రమముచే బెద్దఫలము లభించు నని చెప్పబడినది. చిన్నవానినుండి పెద్దది కోరుట వాని నవమానించుట గాదు, గౌరవించుట.

ఏడవ స్తంభశాసనమున నశోకుడు తన యనుభవమును సంగ్రహించెను. ధర్మాభివృద్ధికి దాను రెండు మార్గముల నవలంబించితి ననియు, ఒకటి నియమము, రెండవది నచ్చజెప్పుట యనియు, వీనిలో నియమము స్వల్పమనియు నచ్చజెప్పుటయే మిన్న యనియు జెప్పెను. నియమమును దీసివేయలేదు. దానిపై నంతయు మోపలేదు.

మన సంఘములకు

సోదరసోదరీమణులారా! పోషకమహాశయులారా! మనకు రాజ్యము లేదు; వసతిగృహములును, విద్యానిధులును, గొలదిమంది సేవకులును గలరు. అయినను నిధినుండి యొక్క రూపాయి దారితప్పినచో నది యొక విద్యార్థి పుస్తకము. వసతిగృహమున నొకమాట కఱకుగా బడినచో నది యొక బాలుని చదువునకే తెగులు కావచ్చును. కావున లెక్కలను గట్టిగా నడుగుడు, వసతిగృహపాలకుని జవాబు చెప్పింపుడు, ఆలస్యమును సహింపకుడు. అడుగునప్పుడు మాత్రము ఏడు దోషములలో నిది యేదియని ముందుగా విచారింపుడు. నేర్పు చాలనివానికి నేర్పుడు. అలసినవానికి దోడొకని నిండు. ఓర్వలేనివానికి నేకాంతమున బుద్ధి చెప్పుడు. ఇన్నియు జేసినను పేదల సొత్తును మ్రింగువా డొకడు మిగిలినచో వాని విషయమున క్షమింపదగిన దను హద్దును మఱువకుడు. తనిఖీకి బరుషుని బంపకుడు. మీ పనినిగూర్చి యాక్షేపణ వచ్చినచో దానిని మొదట మీకే వినిపించు నేర్పాటు చేసికొనుడు.

విద్యార్థివేతనము బొంది పరీక్షలో దప్పిన బాలుని విషయమున గూడ నిట్లే. వేతనమును వెంటనే నిలుపుట తేలిక. ప్రశ్నింపక కొనసాగించుటయు దేలికయే. రెండును వానిని విడిచిపెట్టుటయే. వానిని బిలిపించి, హేతువును గనుగొని, వచ్చుపరీక్షకు వాని కొక గురువును గుదిర్చి, ఆ పరీక్షలో నెగ్గవలె నని స్పష్టముగా జెప్పి, వేతనమును గొనసాగించుట కష్టము. సంఘ మేర్పడినది యా కష్టమును బడుటకే.

దయను దానముగా నిచ్చువారు పెక్కుమంది కలరు. దయను ఋణముగా దలచి, దానిని దీర్చువఱకు దన్నును తోడివారిని నిద్రపోనీయనివా డరుదు. అట్టి కార్యకర్త లీ మహాసభనుండి పదిమందియైనను బయలుదేరుదురు గాక. సర్వే జనులకు శుభమగుగాక.